నరకొద్దన్న హుకుం

మౌలాబీకి చింతచెట్లంటే ప్రాణమని ఎవరైనా అంటే ఆమె నవ్వేది. "ప్రాణం ఏంది, పని. పనిజేస్తే తిండి" అనేది. అందులో కొంత నిజం ఉంది, కొంత దాపరికం ఉంది.

ఆమె పుట్టింది ఆత్మకూరులో. నాగర్‌కర్నూలు తాలూకాలోని ఇప్పలచెల్కకు కోడలిగా వచ్చేనాటికి ఆమెకు చింతపండంటే పులుసులో వేసుకునేది, అంతే. అత్తవారికి వాగు ఒడ్డున చింతతోపు ఉండేది. మామగారు పడుచుతనంలో నాటి, కావడితో నీళ్ళు మోసి పెంచిన చెట్లు. ఆయనకు ఇద్దరు కొడుకులు. పెద్దవాడు బాబా, చిన్నవాడు ఫకీర్. ఫకీర్ మౌలాబీ భర్త. మామగారు పోయాక సర్కారు కాగితాల్లో పట్టా పెద్దకొడుకు పేరున ఎక్కింది. చిన్నవాడి పేరు కూడా ఎక్కించాలని ఎవరికీ తోచలేదు. అన్నదమ్ములు ఒకే వాకిట్లో తింటున్నప్పుడు కాగితంలో ఎవరి పేరుంటే ఏమిటి?

తర్వాత ఊళ్ళోకి గత్తర, అంటే కలరా, వచ్చింది. ఆ ఏడు పోయినవాళ్ళలో ఫకీర్ ఒకడు. అప్పటికి మౌలాబీ చంకలో బిడ్డ, పేరు దిల్షాద్. ఆత్మకూరు నుంచి అన్నలు బండి కట్టుకొని వచ్చి, "ఇగ ఈడ ఏమున్నది నీకు, నడువు" అన్నారు. మౌలాబీ బండి ఎక్కలేదు.

"నా బిడ్డ తాత పెట్టిన చెట్లు ఈడున్నయి. ఆత్మకూర్ల ఏమున్నయి?" అంది.

అలా తోపు ఆమె చేతికి వచ్చింది. బాబాకు ఆ పని నచ్చేది కాదు. ఆయన ధ్యాసంతా తన మెట్ట చెలక మీదే. అందులో బావి తవ్వించాలి, మోట కట్టాలి, వరి మడి చేయాలి. వానలు మొహం చాటేసిన ప్రతి ఏడూ ఆ కోరిక ఇంకాస్త గట్టిపడేది. తోపు సంగతి మౌలాబీయే చూసుకునేది. ఫాల్గుణం రాగానే కాయ దులిపేవాళ్ళను పిలిపించేది. రాలిన కాయను ఎండబోయించి, పెంకు తీయించి, ఆడవాళ్ళను వరసగా కూర్చోబెట్టి గింజ కొట్టించేది. ఆ వరసలో మొదటి చోటు జోగులమ్మది. ఆమె ఊళ్ళో సొంత రేగడి ఉన్న కాపు మనిషి, కూలికి రావలసిన పని లేదు. మౌలాబీతో ముచ్చట పెట్టడానికే వచ్చేది. వచ్చాక చేతులు ఊరుకోవు కనుక గింజ కొట్టేది. పండు గోపాల్‌పేట సంతకు పోయేది. అమ్మగా వచ్చినదాంట్లో సగం బాబా ఇంటికి చేరేది, సగం మౌలాబీ ఇంట్లో ఉండేది. ఏటేటా అంతే. ఒక్క ఏడు కూడా బాబా "సగమే ఎందుకు" అని అడగలేదు.

ఎక్కడో సముద్రాల అవతల యుద్ధం మొదలైంది. దాని సెగ ఇప్పలచెల్కకు వింతదారిలో తగిలింది. పెట్రోలు దొరకకుండా పోయింది. నాగర్‌కర్నూలు బస్సు వెనక పెద్ద ఇనుప డబ్బా బిగించారు. అందులో బొగ్గు రాజేస్తే వచ్చే గ్యాసుతో బస్సు నడిచేది. ఎత్తు వస్తే జనం దిగి తోసేవాళ్ళు. బొగ్గుకు ఎక్కడలేని గిరాకీ వచ్చింది. వనపర్తిలో గోవిందు అనే కంట్రాక్టరు ఊరూరా తిరిగి చెట్లు మాట్లాడుకొని, అక్కడికక్కడే బట్టీ పెట్టించి బొగ్గు చేయించేవాడు. ఇప్పలచెల్క తోపు ఆయన కంట్లో పడింది. పట్టా ఎవరి పేరున ఉందో కనుక్కొని, నేరుగా బాబా వాకిట్లో మంచం మీద కూర్చొని బావి మాట ఎత్తాడు.

"తోపంత నీ పేరు మీదనే ఉన్నది గదా, బాబాసాబ్! గీ చెట్లు ఇచ్చేస్తే బావి ఒక్కటే గాదు, బావి మీద మోట గూడ వస్తది" అన్నాడు.

బాబా చెడ్డవాడు కాదు. తమ్ముడు పోయిన ఏడు దిల్షాద్‌ను భుజం మీద ఎక్కించుకొని పీర్ల పండక్కి తిప్పింది ఆయనే. కానీ 'తోపంతా నీ పేరు మీదనే' అన్న మాట ఆయన మనసులో తిష్ఠ వేసింది. పదిమార్లు వింటే ఏ మాటైనా నిజమనిపిస్తుంది. గోవిందు పదిమార్లూ అన్నాడు. బాబా ఒప్పందం మీద వేలిముద్ర వేశాడు. మౌలాబీకి ఒక మాట చెప్పలేదు.

మార్గశిరంలో ఒక పొద్దున మౌలాబీ జొన్నచేను కావలి ఉండగా వాగు వైపు నుంచి గొడ్డలి చప్పుడు వినిపించింది. ఎవరో ఎండుకొమ్మ కొడుతున్నారనుకుంది. తర్వాత నేల అదిరింది. పిట్టలు గుంపుగా లేచాయి. ఆమె వడిసెల అక్కడే పడేసి పరుగెత్తింది.

ఆమె చేరేసరికి రెండో చెట్టు కూడా కూలింది. కొమ్మల నిండా ఇంకా పండని పచ్చికాయ. నరికేవాళ్ళ మేస్త్రీ చిన్నయ్య మూడో చెట్టు దగ్గర గొడ్డలి ఎత్తబోతున్నాడు. మౌలాబీ పోయి ఆ మొదలుకు వీపు ఆనించి నిలబడింది.

"తప్పుకో అమ్మా, తగుల్తది."

"తగలనియ్యి. ఎవలు నరకమన్నరు?"

"గోవిందు సావుకారి. బాబాసాబ్ అమ్మిండంట. మేం కూలోల్లం, మాకేం ఎరుక?"

చెట్లు కూలినదానికంటే బాబా పేరే మౌలాబీకి ఎక్కువగా తగిలింది. మొదలుకు ఇంకా గట్టిగా ఆనుకొని, "గిండ్ల నాకు, నా బిడ్డకు పాలున్నది. ఊరంతట్ల ఎవల్నన్న అడుగు" అంది.

చిన్నయ్య ఆమె మొహం చూశాడు, పైన కాయ చూశాడు. "కాయ మీదున్న చెట్టును కొట్టుడంటె నాకూ మంచిగనిపిస్తలేదు. ఈ పడ్డ చెట్ల కొమ్మలు కొట్టెటందుకు రేపటిదాంక పడుతది. ఎల్లుండి సావుకారొస్తడు. ఆయనొస్తే నేనాగలేను. ఏమన్న జేసుకునేదుంటే అంతల్నే జేసుకో" అన్నాడు.

ఆమె అక్కడి నుంచే బాబా ఇంటికి పోయింది. తలమీద కొంగు సరిచేసుకొని గడప బయట నిలబడింది.

"భాయిసాబ్, చెట్లు అమ్మిన్రంట."

బాబా చుట్ట వైపు చూస్తూ, "పట్టా నాది" అన్నాడు.

"ఏటేటా సగం పండు దీస్కున్నరు. పట్టా అంత మీదైతే సగమే ఎందుకు దీస్కున్నరు?"

ఆయన చుట్ట ఆర్పి లోపలికి పోయాడు. మౌలాబీ పటేలు దగ్గరికి పోయింది. "కాగితంల బాబా పేరున్నది, నేనేం జేస్తనమ్మా? కచేరీల దేల్చుకో" అని ఆయన చేతులు దులుపుకున్నాడు. ఆ మాటే జోగులమ్మకు చెబితే ఆమె అప్పటికప్పుడు కొంగు బిగించింది.

"మంచిగనే జెప్పిండు, కచేరీకే పోదం. మా గట్టు పంచాది జూసిన కరీం వకీలు నాగర్‌కర్నూల్ల ఉన్నడు. నడు చెల్లె, నేనొస్త."

మర్నాడు కోడి కూయగానే ఇద్దరూ నడక మొదలుపెట్టారు. ఎండ ఎక్కకముందే కరీం వకీలు ఇంటి అరుగు మీద కూర్చున్నారు. వకీలు నడివయసు మనిషి, మాట నెమ్మది. అంతా విన్నాక, "ఏం గావాలె నీకు?" అని అడిగాడు.

"నా పాలు నాకియ్యమనండి."

"అది పెద్ద దావా. సాక్షులు, పేషీలు, ఇటు వకీలు, అటు వకీలు. ఏండ్లు పడుతది."

"ఏండ్లా? రేపు సావుకారొస్తడు, ఎల్లుండికి చెట్లే ఉండయి. బొగ్గయినంక నా పాలు నాకిస్తే, బొగ్గుల పాలిస్తరా?"

వకీలు నవ్వాడు. "గందుకే అదాలత్ల ఇంకో దారి బెట్టిన్రు. హుక్మ్-ఎ-ఇంతినాయి అంటరు. ఆపు హుకుం అనుకో. దావా తేలేదాంక ఉన్నది ఉన్నట్టు ఉంచుమనే హుకుం. తోపు ఎవరిదని అండ్ల చెప్పరు. తేల్చేదాంక దాన్ని ముట్టొద్దంటరు, అంతే."

"గది సాలు నాకు."

"ఊకెనే ఇయ్యరమ్మా. ఈమె మాటల పస ఉన్నదా, లేకుంటె ఊర్కనే వచ్చిందా అని మొదట జూస్తరు. పూరా రుజువు ఇప్పుడే అడగరు. పసుంటె సాలు. ఏటేటా సగం పండు బాబా తీసుకున్న మాట ఉన్నది జూడు, అది మన పస." అని మున్షీని పిలిచి దర్ఖాస్తు రాయించడం మొదలుపెట్టాడు. కొంతసేపయ్యాక మౌలాబీ ఉలిక్కిపడింది.

"వకీల్‌సాబ్, పట్టా బాబా పేరు మీదున్నదని మీరే రాపిస్తున్రు! అవతలోల్లు జెప్పాల్సిన మాట మనమే జెప్తే ఓడిపోమా?"

"అవతలోల్లు ఇయ్యాల ఆడ ఉండరు. వాళ్ళ మాట వినకుండ హుకుం ఇయ్యమని మనం అడుగుతున్నం. గట్ల అడిగినప్పుడు మనకు నష్టమైన మాట గూడ మనమే జెప్పాలె. దాసిపెట్టినమని రేపు తెలిసిందనుకో, హుకుం అక్కడికక్కడే పోతది, మళ్ళ నీ మొహం జూడరు."

మౌలాబీ ఆలోచించింది. "అయితే ఒక మాట గూడ విడవకుండ రాపియ్యండి. బాబా భాయి నా బిడ్డను మంచిగ జూసిన మాట గూడ" అంది. అది రాయనక్కరలేదని వకీలు చెప్పాడు గానీ, ఆమె అన్నందుకు సంతోషించాడు. ఆమె దర్ఖాస్తు కింద వేలిముద్ర వేసి, అందులో ఉన్నదంతా నిజమని ప్రమాణం చేసింది. దిల్షాద్ చిన్నపిల్ల కనుక ఆ బిడ్డ తరఫున కూడా తానే వేసింది.

ఆ పూటే దర్ఖాస్తు మున్సిఫ్ ముందుకు వెళ్ళింది. ఆయన చదివి, ఒకటి రెండు ప్రశ్నలు అడిగి, రాయించాడు. రెండో పక్షం వచ్చి చెప్పుకునే పేషీ దాకా తోపులో ఒక్క చెట్టును కూడా ఎవరూ నరకకూడదు, పడిన చెట్లను కదిలించకూడదు. "ఇది పేషీ దాకే. వాళ్ళ మాట కూడా విన్నాక ఉంచాలో తీసేయాలో చూస్తాను" అన్నాడు కరీం వకీలుతో.

హుకుం కచేరీలో ఉంటే చెట్టు ఆగదు. అది గొడ్డలి ఉన్నచోటికి చేరాలి. దాన్ని అందజేసే పని నర్సింహులు అనే కచేరీ చప్రాసిది. మర్నాడు పొద్దున అతడు, మౌలాబీ, జోగులమ్మ బస్సెక్కారు. బస్సు దారిలో ఒక మిట్ట దగ్గర ఆగిపోయింది. డ్రైవరు దిగి వెనక డబ్బాలో బొగ్గు పోసి కెలికాడు. జనమంతా దిగి తోశారు. నర్సింహులు నడుం పటకా మీది కచేరీ బిళ్ళ సర్దుకుంటూ తోస్తూ, "ఏం బొగ్గు పోసిన్రయ్యా గింట్ల, మండనే మండదు?" అన్నాడు.

"చింతబొగ్గు గాదు లెండి. అదైతె మంచిగ మండుతది" అంది మౌలాబీ. అతడు ఆమె వైపు చూసి నవ్వాలో వద్దో తెలియక నవ్వాడు.

వాళ్ళు తోపు చేరేసరికి గోవిందు వచ్చి ఉన్నాడు. చిన్నయ్య మూడో చెట్టుకు మొదటి దెబ్బలు వేశాడు. బెరడు లేచి లోపలి లేత పసుపు చెక్క కనిపిస్తోంది. కొంత దూరంలో బాబా చేతులు కట్టుకొని నిలబడి ఉన్నాడు.

నర్సింహులు కాగితం పైకెత్తి, "ఆపుండ్రి! అదాలత్ హుకుం!" అని కేక వేశాడు.

గోవిందు కాగితం అందుకోలేదు. "నేను వనపర్తి సంస్థానం మనిషిని, మా కచేరీ వేరే. మీ దివానీ అదాలత్ హుకుం నాకు తగలది" అన్నాడు.

"నువ్వు సంస్థానం మనిషివే, సావుకారి. ఎవలు గాదన్నరు? చెట్లు వనపర్తిల లేవు గదా! ఇయి నిలబడ్డ జాగ నాగర్‌కర్నూలుది." నర్సింహులు గొంతులో కోపం లేదు. ఊళ్ళో నలుగురిని పిలిపించి, పటేలును కూడా రప్పించి, అందరి ముందు హుకుం గట్టిగా చదివాడు. ఉర్దూలో చదివి, తర్వాత తెలుగులో చెప్పాడు. జోగులమ్మ ఇంటి నుంచి జొన్న అంబలి తెప్పించి, దానితో ఒక నకలు గొడ్డలి దెబ్బ పడిన ఆ చెట్టుకే అంటించాడు.

"నరుకు, చిన్నయ్యా" అన్నాడు గోవిందు.

చిన్నయ్య గొడ్డలి కింద పెట్టాడు. "ఇగ నరికితే నన్ను బట్కపోతరు, సావుకారి. నిన్ను గాదు."

"ఇద్దర్ని బట్కపోతరు" అన్నాడు నర్సింహులు, అంబలి చేతులు తుడుచుకుంటూ.

ఆ సాయంత్రం నరికేవాళ్ళు గుడిసెలు విప్పుకొని వెళ్ళిపోయారు. మౌలాబీ తోపులోనే ఒక రాయి మీద కూర్చుంది. జోగులమ్మ రెండు రొట్టెలు తెచ్చి ఇస్తే అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే రొట్టెలు రెండూ తిన్నది.

పేషీ రోజున అటు వైపు కూడా వకీలు వచ్చాడు. మహబూబ్‌నగర్ నుంచి పిలిపించిన పెద్ద వకీలు. ఆయన పట్టా చూపించాడు. సర్కారు కాగితం ఒక్క బాబా పేరే చెబుతోందన్నాడు. మౌలాబీ బాబా తమ్ముడి వితంతువని, ఆయన జాలిపడి ఇంత పండు వదిలేస్తుంటే దాన్ని హక్కు అంటోందన్నాడు. చివరికి ఇంకో మాట అన్నాడు. "ఒకవేళ ఆమెకు పాలున్నా, చెట్లకు వెల కట్టలేనిదేముంది? దావా గెలిస్తే ఆ వెల మావాళ్ళు కడతారు. దానికోసం గోవిందు గారి కంట్రాక్టు మొత్తం ఆపడం న్యాయం కాదు."

మున్సిఫ్ బాబాను ముందుకు పిలిచాడు. ఆయన అడిగిన తీరు కఠినంగా లేదు, ఇంటి సంగతి అడిగినట్టుంది.

"తోపులో కాయ ఎవరు దులిపిస్తారు?"

"మౌలాబీ, హుజూర్."

"అమ్మేది?"

"ఆమెనే."

"నీకు ఎంత ఇస్తుంది?"

బాబా తల వంచుకున్నాడు. "సగం."

"తోపంతా నీదైతే ఆమె నీకు ఇవ్వడమేమిటి? నువ్వే ఆమెకు ఇవ్వాలి గదా?"

బాబా అబద్ధం చెప్పవచ్చు. చెప్పమని పక్కన పెద్ద వకీలు కళ్ళతోనే అంటున్నాడు. బాబా అటు చూడకుండా, "అబ్బ పెట్టిన చెట్లు గదా, తమ్ముడు పోయినప్పటి సంది గట్లనే నడుస్తున్నది, హుజూర్" అన్నాడు.

తర్వాత మున్సిఫ్ మౌలాబీ వైపు తిరిగాడు. వెల కడతామంటున్నారు గదా, దానికి నువ్వేమంటావు అని అడిగాడు. కరీం వకీలు లేచి మాట్లాడబోతే చేత్తో ఆపాడు.

మౌలాబీ కొంగు సవరించుకుంది. "హుజూర్, నేను ఓడిపోతె చెట్లు ఆడనే ఉంటయి. గోవిందు సావుకారి అప్పుడొచ్చి నరుక్కోవచ్చు, బొగ్గేం తగ్గది. ఇయ్యాల నరికి రేపు నేను గెలిస్తె? నా మామ పెట్టిన చెట్టు కాయకొచ్చెటాల్లకు నా మొగడు పెండ్లీడుకొచ్చిండు. పైసలు పెట్టి మళ్ళ నాటిస్తరు సరే, నా బిడ్డ పిల్లల తల్లయినంక కాయ గాస్తది. అందాంక ఏం దులపాలె?"

మున్సిఫ్ రాసుకున్నాడు. కలం ఆగాక, ఇంకో ప్రశ్న మిగిలిందన్నాడు. దావాలో మౌలాబీ ఓడిపోతే, ఇన్నాళ్ళూ ఆపినందుకు గోవిందుకు కలిగే నష్టం ఎవరు భరిస్తారు? దానికి జామీను కావాలి. ఆస్తి ఉన్న మనిషి పూచీ నిలబడాలి.

మౌలాబీ దీన్ని ఊహించలేదు. ఆమె చేతిలో ఉన్నదల్లా వివాదంలో ఉన్న తోపే. ఆమె వెనక్కి తిరిగేలోపే జోగులమ్మ లేచి నిలబడింది.

"నేనుంట, దొరా. నా రేగడి నా పేరు మీదనే ఉన్నది. కాగితాలల్ల గూడ ఉన్నది" అంది. ఆ చివరి మాట బాబా వైపు చూస్తూ అంది.

హుకుం దావా తేలేదాకా కొనసాగింది. తోపు ఎవరిదో నేను ఇప్పుడు చెప్పడం లేదు, ఆమె మాటలో విచారించదగ్గ విషయం ఉంది, చెట్టు పోతే తిరిగి తేలేము, ఆగితే గోవిందుకు పోయేది కొంత ఆలస్యమే అని మున్సిఫ్ రాయించాడు. కాయ మాత్రం ఏటేటా మౌలాబీయే దులిపించాలి. ఎప్పటిలాగే సగం బాబాకు చేర్చాలి. నరకడం, కొమ్మ కొట్టడం, అమ్మడం ఎవరూ చేయకూడదు. ఎవరూ అంటే మౌలాబీ కూడా.

ఊళ్ళో మాత్రం మౌలాబీ గెలిచిందని డప్పు కొట్టారు. ఎవరో ఆమెకు 'హుకుం మౌలాబీ' అని పేరు కూడా పెట్టారు. ఆమె డప్పు ఆపించింది. "గెలవలేదు. ఆగింది. గెలుపు ఇంక ముందున్నది" అంది. కరీం వకీలు చెప్పిన మాటను ఆమె అందరికంటే బాగా పట్టుకుంది.

ఆగడం తేలిక కాదు. పేషీ వాయిదా పడేది, మళ్ళీ పడేది. వైశాఖంలో గాలివానకు ఒక పెద్ద కొమ్మ విరిగి దారికి అడ్డం పడింది. మామూలు రోజుల్లో అయితే పొయ్యిలోకి పోయేది. మౌలాబీ దాన్ని ముట్టలేదు. నాగర్‌కర్నూలు నడిచి పోయి, తీసి పక్కన పెట్టడానికి అనుమతి తెచ్చుకుంది. దిల్షాద్ అప్పటికి ఎదురు ప్రశ్నలు వేసే ఈడుకు వచ్చింది. "అమ్మా, విరిగిన కొమ్మకు గూడ అడగాల్నా?" అని విసుక్కుంది. "అడగాలె. నేను ఒక కొమ్మ దీస్తె, గోవిందు ఒక చెట్టు దీస్తడు" అంది తల్లి.

బాబా ఈలోగా పట్టుదలతో సొంతంగా బావి తవ్వడం మొదలుపెట్టాడు. తట్టతో మట్టి ఎత్తుతూ, ఇద్దరు మనుషులను తోడు పెట్టుకొని, దొరికినప్పుడల్లా తవ్వేవాడు. నీళ్ళు పడ్డాయి. మోట నిలబెట్టడానికి దుంగలు కావాలి. ఒక మధ్యాహ్నం తోపులో కూలి పడి ఉన్న చెట్ల నుంచి రెండు దుంగలు కోసి బండి మీద వేసుకున్నాడు. మౌలాబీ చూసింది.

కరీం వకీలుకు చెబితే ఆయన ముఖం గంభీరమైంది. హుకుం తప్పినవాళ్ళ ఆస్తి జప్తు చేయవచ్చు, మనిషిని జైల్లో పెట్టవచ్చు. దర్ఖాస్తు వేద్దామన్నాడు. మౌలాబీ ఒక్కరోజు గడువు అడిగి, బావి దగ్గరికి పోయింది. బాబా గట్టు మీద కూర్చొని ఉన్నాడు. దుంగలు ఇంకా నిలబెట్టలేదు.

"భాయిసాబ్, నేను విరిగిన కొమ్మకు గూడ కచేరీల అడిగిన. మీరు గూడ పోయి అడగండి. తీసిన మాట మీరే చెప్పండి."

"చెప్తే జేల్ల బెడ్తరు."

"మీరు జెప్తే పెట్టకపోవచ్చు. నేను జెప్తే పెడ్తరు."

బాబా గట్టు మీది నుంచి లేచాడు. "మరి నువ్వే పోయి ఎందుకు జెప్పలే? నన్ను జేల్ల ఏస్తె దావా అప్పుడే తెగుతుండె గదా."

"హుకుం చెట్లకోసం అడిగిన. మిమ్మల్ని జేల్ల ఏసెటందుకు గాదు."

మర్నాడు బాబా దుంగలు బండి మీద తిరిగి తోపులో దింపి, నాగర్‌కర్నూలు పోయి మున్సిఫ్ ముందు తానే ఒప్పుకున్నాడు. గట్టిగా మందలించి, ఇంకోసారి జరిగితే వదలనని చెప్పి పంపించారు. తిరిగి వచ్చేటప్పుడు ఆయన మౌలాబీ వాకిట్లో ఆగి దిల్షాద్‌కు బెల్లం మిఠాయి ఇచ్చి పోయాడు. తోపు గొడవ మొదలయ్యాక ఆ గడప దగ్గరికి రావడం అదే మొదలు.

యుద్ధం అయిపోయింది. పెట్రోలు మెల్లగా రావడం మొదలైంది. బస్సుల వెనక డబ్బాలు ఒక్కొక్కటే ఊడాయి. బొగ్గు కొనేవాళ్ళు తగ్గాక గోవిందుకు తోపు మీద మోజు తగ్గింది. ముందు ఆయన పేషీలకు రావడం మానేశాడు, తర్వాత ఆయన పెద్ద వకీలు మానేశాడు. చివరికి మిగిలింది ఒక ఇంటి రెండు వాకిళ్ళే. కరీం వకీలు ఒక రోజు ఇద్దరినీ తన అరుగు మీద కూర్చోబెట్టి, "మీరు మీరు మాట్లాడుకుంటరా, నన్ను మాట్లాడమంటరా?" అని అడిగాడు.

"మేమే మాట్లాడుకుంటం" అన్నాడు బాబా.

రాజీ కాగితం మీద ఇద్దరూ వేలిముద్రలు వేశారు. తోపు రెండు పాళ్ళయింది. షరీఅత్ లెక్కన, కొడుకు లేడు కనుక, ఫకీర్ పాలులో కొంత అన్నకు కూడా రావాలి. బాబా దాన్ని దిల్షాద్‌కు వదిలేశాడు. కూలిన చెట్లు తన పాలులో వేసుకొని, వాటి దుంగలతో మోట కట్టుకున్నాడు. జోగులమ్మ జామీను విడిపోయింది. గోవిందుతో ఒప్పందం సంగతి బాబాయే వనపర్తి పోయి తేల్చుకొచ్చాడు. ఎట్లా తేల్చుకున్నాడో ఎవరికీ చెప్పలేదు, మౌలాబీ అడగలేదు.

ఆ తర్వాత ఆమె దగ్గరికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి ఆడవాళ్ళు రావడం మొదలైంది. పంటకాలువ గండి కొడతామన్నారని ఒకరు, ఇంటి గోడ పడగొడతామన్నారని ఒకరు. కొందరికి "ఇది అదాలత్ల తెగది, మీ పెద్దమనిషి దగ్గరికే పో" అని నేరుగా చెప్పి పంపేది. ఒక పొద్దున చింతపండు కొడుతుండగా పెద్దమందడి వైపు నుంచి యాదమ్మ అనే మనిషి వచ్చింది. తన చేనికి పోయే బండిబాట దాయాదులు ముళ్ళకంప వేసి మూసేశారట.

"మూస్తమన్నరా, మూసిన్రా?" అడిగింది మౌలాబీ.

"మూసిన్రక్కా. నిన్ననే."

"ఎంతకాలం సంది పోతున్నవు ఆ బాటల?"

"మా అత్త కాలం సంది."

"మూసెటప్పుడు ఎవలన్న జూసిన్రా?"

"ఊరంత జూసింది."

మౌలాబీ చేతిలో సుత్తె పక్కన పెట్టింది. "మూయకముందు వస్తే తేలిక. మూసినంక తెరువుమని అడుగుడు జర కష్టం. ఊకెనే ఇయ్యరు. అయినా నిన్ననే అయింది గన్క అడగొచ్చు. నాగళ్ళు కట్టే దినాలొచ్చినయి, ఆలస్యమైతె చేను బీడు పడుతదని చెప్పాలె. నీకు ఖరాబైన మాట గూడ ఏదన్నుంటే దారిలనే నాకు జెప్పు, ఆడ దాయొద్దు."

"ఇప్పుడే పోదమా?"

"మరి ఎప్పుడు?" అంటూ మౌలాబీ లేచి, చేతికి అంటిన పండు కడుక్కొని, దిల్షాద్‌కు ఎండలో ఉన్న కాయ తిరగేయమని చెప్పి, యాదమ్మతో బాట పట్టింది.